కోతల పండుగ సైలెన్సరు

చెవులు చిల్లులు పడేలా మోత పెట్టుకుంటూ మీ పక్కనుంచి దూసుకుపోయిన కారును చూసి, లోపలున్నవాడు డబ్బు మదం ఎక్కినవాడని ఎన్నిసార్లు తీర్పు చెప్పి ఉంటారు మీరు? అతడి వాదన ఒక్కసారైనా విన్నారా?

కిందటి నవంబరులో కోల్‌కతా అలీపూర్ రోడ్డు మీద అటువంటి తీర్పులకు గురైన కార్లలో ఫెలిక్స్ కారు ఒకటి. ఫెలిక్స్‌కు డబ్బు లేదు, మదం అంతకన్నా లేదు. వెలిసిపోయిన తెల్లరంగుతో, పసుపు నంబరు పలకతో ఉన్న ఆ పాత కారే అతడి బతుకుతెరువు. పొద్దున్నే ఖిదిర్‌పూర్‌లో బయలుదేరి, ముగ్గురు పిల్లలను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, బాలీగంజ్ వైపు ఉన్న ఒక ప్రత్యేక పాఠశాలలో దింపుతాడు. మధ్యాహ్నం మళ్లీ ఇళ్లకు చేరుస్తాడు. అతడి తండ్రి సోంపేట ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడి రేవులో ఖలాసీగా చేరినవాడు. ఫెలిక్స్ ఇక్కడే పుట్టాడు. తెలుగు ఇంట్లో మాట్లాడతాడు, చర్చిలో పాడతాడు. చదవమంటే మాత్రం బెంగాలీ అయితేనే గడగడా చదవగలడు. కోల్‌కతా రోడ్ల మీద ఇన్నేళ్లుగా హారన్ మోగించకుండా బండి నడుపుతున్నాననే ఒక్క విషయంలోనే అతడికి కొంచెం గర్వం ఉండేది.

ఆ గర్వానికి విలువ కట్టగలిగిన మనిషి అలీపూర్‌లో ఒక ఏడేళ్ల పిల్ల. పేరు చిన్ని. తండ్రి జయంత్ బ్యాంకు అధికారి, బదిలీ మీద వరంగల్ నుంచి వచ్చాడు. తల్లి సమీర. చిన్నికి మాటలు తక్కువ, శబ్దాలంటే ప్రాణభయం. కుక్కరు కూత వేస్తే బల్ల కిందికి దూరుతుంది. మిక్సీ తిరిగినా, పక్కింట్లో మేకు కొట్టినా ఒళ్లంతా బిగుసుకుపోతుంది. పాఠశాలలో సీటు దొరికాక కూడా ఆ పిల్లను అక్కడికి చేర్చడం ఎవరి వల్లా కాలేదు. టాక్సీ ఎక్కితే కేకలు, బస్సు పేరెత్తితే కేకలు.

ఫెలిక్స్ ఆ పనిని ఒక వేసవి మొత్తం పెట్టి సాధించాడు. మొదట ఇంజను ఆపి ఉన్న కారులో చిన్నిని ఊరికే కూర్చోబెట్టాడు. కొన్నాళ్లకు తలుపు వేశాడు. ఇంకొన్నాళ్లకు తాళం తిప్పాడు, వెంటనే ఆపాడు. తర్వాత సందు చివరి దాకా వెళ్లి తిరిగొచ్చాడు. అతడికి ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగనూ లేదు. జూన్‌లో బడులు తెరిచేసరికి చిన్ని తనంత తానే వెనుక తలుపు తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని, అద్దానికి బుగ్గ ఆనించి పాఠశాలకు పోయి వచ్చింది. సమీర ఆ రోజు గేటు దగ్గర నిలబడి ఏడ్చింది.

ఆ తర్వాత వానలు వచ్చాయి. వానాకాలంలో ఖిదిర్‌పూర్ వీధుల్లో నీరు నిలిస్తే బయటికి పోవడానికి దానికి దారి ఉండదు. మోకాటి లోతు నీళ్లలో మళ్లీ మళ్లీ నడిచిన కారుకు వెనుక గొట్టం లోపలినుంచి తుప్పు పట్టింది. ఫెలిక్స్ రెండు చోట్ల అతుకు వేయించాడు. అతుకు పక్కన ఇంకో బెజ్జం పడింది. ఆ మాట ఇంట్లో అన్నాడు. అతడి కష్టాలన్నిటికీ మూలం ఆ అనడమే.

ఎందుకంటే అతడి భార్య విజయ కుమారికి ఒక తమ్ముడున్నాడు. పేరు బ్లెస్సన్. ఆ ఏడాదే మల్లిక్ బజార్ సందుల్లో కార్ల అలంకరణ సామగ్రి దుకాణం తెరిచాడు. ఖిదిర్‌పూర్ తెలుగు క్రైస్తవ సంఘానికేమో నవంబరులో కోతల పండుగ ఉంది.

ఈ సంఘంలో ఎవరికీ పొలం లేదు, కోతలు లేవు. అయినా తాతలు తెచ్చిన పండుగను ఎవరూ వదల్లేదు. ఎవరి కష్టార్జితంలోనుంచి వారు ప్రథమ ఫలం తెచ్చి బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, కోడిపుంజులు, ఇంట్లో చేసిన అరిసెలు, కుట్టుమిషను మీద కుట్టిన దిండుగలీబులు, నది అవతలి టికియాపారా నుంచి వచ్చేవాళ్ల జాడీల్లో ఆవకాయ. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ ఆవరణలో వేలం వేస్తారు. ఆ వేలానికి ఒక అలిఖిత నియమం ఉంది. ఎవరి వస్తువూ చవకగా పోకూడదు; పోతే తెచ్చినవాడికి అవమానం. అందుచేత బంధువులు అక్కర లేకపోయినా పాట మొదలుపెట్టి, పెంచి, సరైన సమయంలో తప్పుకోవాలి. ఆ తప్పుకునే సమయం తెలియడమే అక్కడ అసలైన నేర్పు.

పండుగ ఆదివారం వేలం వేస్తున్నది ప్రేమానందం గారు. రేవులో క్రేను నడిపి రిటైరైన సంఘ పెద్ద. ఆయన గొంతుకు మైకు అవసరం లేదు. గుమ్మడికాయ అయింది, పుంజు అయింది. ఆయన ఒక పొడవాటి పెట్టె విప్పి, అద్దంలా మెరుస్తున్న రెండు నోళ్ల స్టీలు గొట్టాన్ని రెండు చేతులా పైకెత్తారు.

"ఏటి తాతా అది, బాకానా?" అని ఎవరో కేక వేశారు.

"బాకా కాదురా! కారుకి ఎనకాల పెట్టేది. సైలెన్సరు. మన బ్లెస్సన్ బాబు కొట్టు తెరిసినాడు గదా, దాని ప్రథమ ఫలం. ఫారిన్ మోడలు. ఎవలు పాడతారు?"

ఎవరూ పాడలేదు. గుమ్మడికాయ కోసం పోట్లాడుకున్న జనం గొట్టం వైపు చూస్తూ నిలబడిపోయారు.

"అందరూ మూగోలయిపోనారేటి? దేవుడికిచ్చిన వస్తువండీ! కారున్నోలు సెయ్యెత్తండి!"

కారున్నవాళ్లు ఆ సంఘంలో వేళ్ల మీద లెక్క. తలలన్నీ ఒక్కసారిగా ఫెలిక్స్ వైపు తిరిగాయి. విజయ కుమారి మోచేత్తో పొడిచింది. "పాడండి. మా తమ్ముడు మొకం సూడండి, ఎలాగైపోనాదో."

బ్లెస్సన్ ముఖం నిజంగానే ఎర్రబడింది. ఫెలిక్స్ బావమరిదిని అవమానం నుంచి తప్పించే ఉద్దేశంతో మాత్రమే పాట మొదలుపెట్టాడు. లిలువా రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చిన ఒకాయన, కారు లేకపోయినా, సరదాకు పెంచాడు. ఫెలిక్స్ ఇంకొంచెం పెంచాడు. ఆయన ఇంకా పెంచాడు. ప్రేమానందం గారు ఇద్దరినీ మార్చి మార్చి ఎగదోశారు. ఫెలిక్స్ చివరిసారి పెంచి, ఇక అవతలివాడు అందుకుంటాడు కదా అని ఊపిరి పీల్చుకున్నాడు.

లిలువా ఆయన నవ్వి చేతులు కట్టుకున్నాడు. "నాకు కారెక్కడుంది బాబూ, నువ్వే తీసుకో."

"ఒకటోసారి! రెండోసారి! ఫెలిక్సుకి దేవుడు తోడుంటాడు, మూడోసారి!"

పాస్టరు గారు గొట్టం మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. సంఘమంతా ఆమేన్ అన్నది. విజయ కుమారి కళ్లు తుడుచుకుంది. "మన బండి బాధ దేవుడికి తెలిసిపోనాదండి. తుప్పు పట్టినాదని మీరు ఏడుత్తున్నారు గదా, మెరిసేదే ఇచ్చినాడు."

ఫెలిక్స్ డబ్బు కట్టి పెట్టె భుజాన వేసుకున్నాడు. పండుగ పాటలో కొన్న వస్తువును మూల పడేయకూడదు, అమ్ముకోకూడదు, వాడాలి; అది ఇంటికి దీవెన. ఇదీ అక్కడి నియమమే, ఇదీ ఎక్కడా రాసి లేదు.

మర్నాడు బడికి సెలవు. బ్లెస్సన్ దుకాణం వెనుక సందులో వెల్డింగు మిస్త్రీ కారు కింద దూరాడు. ఈ కొత్త గొట్టం ఏ ఒక్క కారు కోసమో చేసింది కాదు, ఏ కారుకైనా అతికించేందుకు చేసింది. పాతది మధ్యలో కోస్తే తప్ప పట్టదు. కోతకు ముందు ఫెలిక్స్ అడగవలసిన ప్రశ్న ఒక్కటే అడిగాడు.

"కోసీసినాక మళ్లీ పాతది కావాలంటే ఎలాగ బ్లెస్సన్?"

"ఎందుకు కావాలి బావా? సిల్లులు పడిన గొట్టం మీద అంత ప్రేమేటి?"

పాత గొట్టం ముక్కలు సాయంత్రానికి తుక్కు కొనేవాడి బండిలో పోయాయి. ఫెలిక్స్ తాళం తిప్పాడు. సందులో ఉన్న పావురాలన్నీ లేచిపోయాయి. సీటు కింద నుంచి వెన్ను దాకా ఒక వణుకు పాకింది. ఎదురు కొట్టులో టీ తాగుతున్న ముసలాయన గ్లాసు పట్టుకునే లోపలికి పోయాడు.

"ఇదేటిది?" అన్నాడు ఫెలిక్స్.

"సౌండు బావా! కుర్రోలు దీని కోసమే ఎగబడతారు. పెట్రోలు కూడా తక్కువ తాగుద్ది."

"నా బండిలో కుర్రోలు కాదు, బడికెల్లే గుంటలు ఎక్కుతారు."

"రెండ్రోజులు తిప్పు, అదే తగ్గిపోద్ది."

పెట్టె మీద, అడుగున, పందెపు మైదానాల్లో వాడకానికి మాత్రమే అని ఇంగ్లీషులో ముద్రించి ఉంది. దుకాణంలో దానికి రశీదు ఇస్తారు, పన్ను కడతారు, అద్దాల వెనుక దీపం పెట్టి మరీ చూపిస్తారు. మల్లిక్ బజార్‌లో పందెపు మైదానం ఎక్కడుందని అడిగేవారు లేరు. తయారీదారు ఇచ్చిన రూపం నుంచి వాహనాన్ని మార్చరాదని చట్టం స్పష్టంగానే చెబుతోంది. కానీ చేసేవాడు, తెచ్చేవాడు, అమ్మేవాడు, బిగించేవాడు వరుసగా చేతులు దులుపుకుని తప్పుకున్నాక, స్టీరింగు పట్టుకున్నవాడు ఒక్కడే చట్టం కంటికి ఆనుతాడు. ఆ వరుసలో వెనక్కి నడిచే ఓపిక ఎవరికీ లేదు. వెనక్కి నడిస్తే చివరికి ప్రార్థన చేసిన చెయ్యి కూడా కనిపిస్తుంది.

మంగళవారం పొద్దున మొదట ఎక్కేది ఖిదిర్‌పూర్‌లోనే ఉండే అన్నదమ్ములు. వాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్ల అమ్మమ్మ మాత్రం కిటికీలోనుంచి తల బయటపెట్టి, ఇది బండా లేక రేవులో ఓడా అని బెంగాలీలో కడిగేసింది. ఫెలిక్స్ తల వంచుకుని అలీపూర్ చేరాడు.

గేటు దగ్గర చిన్ని లేదు. సమీర ఒక్కతే చెప్పులు లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమైంది ఫెలిక్స్ గారూ బండికి? మీరు మూల తిరగకముందే చెవులు మూసుకుంది. బాత్రూంల గడియ పెట్టుకొని కూర్చుంది."

"సైలెన్సరు మార్పించినానమ్మా. రెండ్రోజుల్లో తగ్గిపోద్దన్నారు."

"ఎవరన్నారు?"

ఫెలిక్స్ ఇంజను ఆపాడు. పైనుంచి, మూసిన తలుపు వెనుకనుంచి, ఒకే స్థాయిలో సాగుతున్న కేక ఆగలేదు.

బుధవారం అతడు ఒక ఉపాయం పన్నాడు. అన్నదమ్ములను ముందుగానే బడిలో దింపి వచ్చి, సందు మొదట్లోనే ఇంజను ఆపి, ఖాళీ కారును వెనుకనుంచి తోసుకుంటూ గేటు దాకా తెచ్చాడు. కాపలాదారు జయదేవ్ బీడీ పారేసి వచ్చి చెయ్యి వేశాడు.

"కీ హొలో ఫెలిక్స్ దా, తేల్ శేష్?" పెట్రోలు అయిపోయిందా అని అతడి పరామర్శ.

"నెమ్మదిగా తొయ్యి దాదా, చప్పుడు కాకూడదు."

"తోసే కారుకు చప్పుడేమిటి? నీకు పొద్దున్నే పిచ్చి పట్టిందా?"

చిన్ని మెట్లు దిగి వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. వెనుక తలుపు తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని, అద్దానికి బుగ్గ ఆనించింది. ఫెలిక్స్ తన సీటులో కూర్చుని తాళం పట్టుకున్నాడు. తిప్పలేదు. బాలీగంజ్ దాకా కారును తోయలేమన్న సంగతి, అంతదాకా తోశాక గాని అతడి తలకెక్కలేదు. ముందు అద్దంలో పిల్ల ఎదురుచూస్తోంది. అతడు తాళం తిప్పాడు.

ఆ కేక తర్వాత జరిగినది సమీర ఎవరికీ చెప్పలేదు. చిన్ని ముంజేతి మీద తానే కొరుక్కున్న పళ్ల గుర్తులు కొన్నాళ్లున్నాయి.

ఫెలిక్స్ అక్కడినుంచి తిన్నగా మల్లిక్ బజార్ పోయాడు. దారిలో కూడలి దగ్గర తెల్ల యూనిఫారం వేసుకున్న ట్రాఫిక్ సార్జెంటు చెయ్యెత్తి ఆపాడు.

"ఇది పిల్లల్ని తీసుకెళ్లే బండి కాదా దాదా? పక్కన ఆసుపత్రి ఉంది. సిగ్గుండాలి."

"ఉంది సార్," అన్నాడు ఫెలిక్స్, నిజాయితీగా.

సార్జెంటు చలానా రాస్తుండగానే, నల్లటి పెద్ద కారొకటి ఇంతకు రెట్టింపు మోతతో అవతలి వరుసలోనుంచి దూసుకుపోయింది. సార్జెంటు తల తిప్పేసరికి అది వంతెన ఎక్కేసింది. ఆయన నిట్టూర్చి మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. పాతది తిరిగి బిగించుకోమని మంచిగానే చెప్పాడు. పాతది అప్పటికి ఏ కొలిమిలో కరుగుతోందో.

బ్లెస్సన్ మోత తగ్గించే బిళ్లలు తెచ్చి గొట్టాల నోళ్లలో బిగించాడు. ఉరుము తగ్గి సన్నని ఈల మొదలైంది. మాఝేర్‌హాట్ వంతెన మీద ఇంజను ఊపిరాడక ఆగిపోయింది. వెనుకనున్న బస్సు కండక్టరు దిగివచ్చి, ఫెలిక్స్ పూర్వీకులందరినీ పేరు పేరునా పలకరించాడు. మళ్లీ కొట్టుకు పోయి ఆ బిళ్లలు పీకించాడు.

"అయితే మొత్తం తీసీ," అన్నాడు ఫెలిక్స్. "పాతలాంటిది ఎయ్యి."

బ్లెస్సన్ ముఖం మాడింది. "దేవుడికిచ్చింది తీసీమంటావేటి బావా? నా కొట్టు ప్రథమ ఫలం అది. సంఘంలో అందరూ సూసినారు. రేపు నా కొట్టుకి ఎవడొత్తాడు?"

"ఆ గుంట బడి మానీసింది బ్లెస్సన్."

"బడికి ఇంకో బండి లేదేటి కలకత్తాలో?"

ఆ మాటకు ఫెలిక్స్ దగ్గర ఉన్నదల్లా ఒక వేసవి. దాన్ని ఎలా చెప్పాలో అతడికి తెలియలేదు.

ఇంట్లో ఇంకో దర్బారు. బ్లెస్సన్ అక్క వడ్డించిన కంచం ముందునుంచి లేచిపోయాడట. విజయ కుమారి రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు ఒకేసారి అంతా మాట్లాడింది.

"మీకు మా వోలంటే ఎప్పుడూ సిన్నసూపే. అదే మీ అక్క కొడుకు ఇత్తే నెత్తిన ఎట్టుకుందురు."

"నెత్తిన ఎట్టుకుంటే మోత రాదు గదే. బండికి ఎట్టినాం."

"ఎటకారాలొకటి!"

అతడు ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఆగి, ప్రేమానందం గారి ముందు నిలబడ్డాడు. ఏ అనుమతి కోసం వచ్చాడో అతడికే సరిగా తెలియదు. ఆ గొట్టం అతడిది. పాడాడు, డబ్బు కట్టాడు. అయినా తీసేయడానికి ఇంకొకరి నోటి మాట కావాలనిపించింది.

"పండగ పాటలో కొన్నది ఎవలైనా పీకీసినారేటి ఇన్నాళ్లలో?" అన్నారు ప్రేమానందం గారు. "నేను ఒకసారి కొన్న మేకపోతు నా పరుపు తినీసింది. అలాగని దేవుడి మీద అలిగినానా? కుంచెం దూది కుక్కీ ఫెలిక్సూ. లేదంటే ఆ పిల్ల సెవిలో కుక్కమను."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పాస్టరు గారు మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేస్తామన్నారు. ఫెలిక్స్ వందనాలు చెప్పి బయటికి వచ్చాడు. అతడికి కోపం రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు గనుక, ఆ రోజు చూసినా గుర్తుపట్టలేకపోయారు.

సోమవారం అతడు ఎవరినీ అడగలేదు. కారు కంపెనీ వర్క్‌షాపుకు పోయి, అసలు గొట్టం కావాలన్నాడు. కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి కంప్యూటర్లో వెతికి, ఆ మోడలు ఆగిపోయిందని, ఏ గోదాములోనైనా మిగిలి ఉంటే తెప్పిస్తామని చెప్పింది.

"ఎప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడు ఫోన్ చేస్తాం దాదా."

ఆ 'వచ్చినప్పుడు' దాకా కారును ఇంటి ముందే ఆపేశాడు. అన్నదమ్ముల ఇంటివాళ్లు వేరే బండి చూసుకున్నారు. విజయ కుమారి పక్కింటివాళ్లకు వినిపించేలా గిన్నెలు తోమింది. ఫెలిక్స్ రోజూ పొద్దున్నే నిద్ర లేచి, తలదువ్వుకుని, పోవడానికి చోటు లేక గుమ్మంలో కూర్చునేవాడు. ఒక సాయంత్రం సమీర ఫోన్ చేసింది.

"బడిల మేడం పిలిచి చెప్పింది ఫెలిక్స్ గారూ. ఇంకా ఆలస్యమైతే చిన్ని మళ్లా మొదటి నుంచి మొదలుపెట్టాలంట, బడి అంటేనే బెదురు పట్టుకుంటదంట. ఎండాకాలమంతా మీరు చేసింది..."

"గొట్టం వచ్చీద్దమ్మా. రాగానే నేనొత్తాను."

"వచ్చినంక మీ బండి చప్పుడు చేయదు, సరే. రోడ్డు మీద ఇంకోటి పక్క నుంచి పోతే? నిన్న బాల్కనీలో ఉంది. కింద ఎవడో అట్లాంటి కారే తోలిండు. అప్పటినుంచి బాల్కనీ తలుపు కూడా తీయనిస్తలేదు."

ఫెలిక్స్ ఫోన్ పెట్టేసి, బయటికి వచ్చి, కారు వెనుక మెరుస్తున్న గొట్టం ముందు కూర్చున్నాడు.

గొట్టం వచ్చింది. తమిళనాడులోని ఏదో గోదాములో మిగిలిపోయిన ఒక్కటి. ఖిదిర్‌పూర్‌లోనే తనకు తెలిసిన మిస్త్రీ బైరాగి దగ్గరికి కారు తీసుకుపోయాడు. బైరాగి పలాస మనిషి, పని మధ్యలో మాట్లాడడు, పని అయ్యాక ఆపడు. మెరిసే గొట్టాన్ని విప్పి గోడకు ఆనించి, నల్లటి, ఏ అందమూ లేని అసలు గొట్టాన్ని బిగించాడు. ఫెలిక్స్ తాళం తిప్పాడు. ఇంజను నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి చెయ్యి పెట్టి చూడవలసి వచ్చింది.

సరిగ్గా అప్పుడే బ్లెస్సన్ మోటారుసైకిలు మీద వచ్చాడు. వెనుక విజయ కుమారి. వాళ్ల వెంట ఎర్ర కారులో ఒక యువకుడు. పేరు యోగేశ్, కాలేజీ విద్యార్థి. బ్లెస్సన్ ముఖంలో పాత కోపం లేదు.

"బావా, నువ్వూ నేనూ కొట్టుకోడం ఎందుకు? ఈ బాబు కొనీసుకుంటాడు. పాటలో నువ్వెట్టినదాని కన్నా ఎక్కువే ఇత్తాడు. ఎక్కువొచ్చింది సంఘానికి ఇచ్చీ. అమ్మకూడదంటారు గానీ, సంఘానికి పోతే ఎవలు కాదంటారు? ప్రేమానందం తాతని కూడా అడిగినాను, సరే అన్నాడు."

విజయ కుమారి ముఖం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది. "ఒప్పుకోండి. దేవుడే దారి సూపించినాడు."

దారి నిజంగానే అన్ని వైపులా చక్కగా ఉంది. సంఘానికి లాభం, బావమరిదికి గౌరవం, ఇంట్లో శాంతి, పాటలో పెట్టినది చేతికి తిరిగి వస్తుంది. ఒక్కరికీ నష్టం లేదు. కనీసం ఆ సందులో నిలబడి ఉన్నవాళ్లలో ఒక్కరికీ లేదు. ఫెలిక్స్ తల ఊపబోయాడు కూడా.

యోగేశ్ గొట్టాన్ని చేతుల్లోకి తీసుకుని, నోటిలోకి తొంగి చూసి, సంబరపడ్డాడు. "లోపల మోత తగ్గించే జాలీ కోయించేస్తే ఇంకా పెద్దగా వస్తుంది కదా దాదా?"

"ఎటువైపు తోలుతావు బాబూ నువ్వు?" అని అడిగాడు ఫెలిక్స్.

"అలీపూర్. పొద్దున్న రోడ్డు ఖాళీగా ఉంటుంది. అక్కడైతే మజా."

ఫెలిక్స్ ముందుకు వచ్చి, చాలా మర్యాదగా, యువకుడి చేతుల్లోనుంచి గొట్టాన్ని తీసుకున్నాడు.

"ఏటి బావా?" అన్నాడు బ్లెస్సన్.

"అమ్మను."

"ఓలమ్మో, మళ్లీ ఏటయినాది?" అంది విజయ కుమారి. "ఎట్టుకోరు, అమ్మరు. దీన్నేటి సేత్తారు మరి, కౌగిలించుకుని తొంగుంటారా?"

"బాబూ," అని ఫెలిక్స్ యోగేశ్‌తో హిందీలో అన్నాడు, "నీ మీద కోపం లేదు. ఇంకో కొట్లో ఇలాంటిది దొరుకుతుంది, నాకు తెలుసు. దాన్ని నేను ఆపలేను. ఇది మాత్రం నాది."

"నీకు మతిపోనాది బావా," అన్నాడు బ్లెస్సన్. "నువ్వొక్కడివీ ఒక్క గొట్టం అమ్మకపోతే కలకత్తా అంతా నిశ్శబ్దం అయిపోద్దేటి?"

"అవదు."

"మరి?"

ఫెలిక్స్ గొట్టాన్ని చంకన బిగించుకున్నాడు. పాడమంటే పాడాడు, కోయమంటే కోయించాడు, రెండు రోజులు తిప్పమంటే తిప్పాడు, బిళ్లలు పెడతానంటే పెట్టించుకున్నాడు. ఇన్ని రోజుల్లో తనంత తానుగా చెప్పి నెగ్గించుకున్న మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. విజయ కుమారి ఏడవడం మొదలుపెట్టింది. బ్లెస్సన్ ఇకమీదట ఈ ఇంటి గడప తొక్కనని మోటారుసైకిలు ఎక్కాడు. ఫెలిక్స్ ఇద్దరి వైపూ చూశాడు గాని, ఎవరినీ ఆపలేదు. గొట్టాన్ని బైరాగి ముందు నేల మీద పడుకోబెట్టాడు.

"దీన్ని మధ్యకి కోసీ, బైరాగీ. మళ్లీ ఎవలూ అతకడానికి ఈల్లేకుండా, నిలువునా కోసీ."